పుర్రె అడుగు ఎముకలో మూలుగ మార్పు – రిపోర్టు చూసి బెదరకండి

తలనొప్పికో, కళ్ళు తిరుగుతున్నాయనో తలకు ఎమ్మారై తీయించుకుంటారు. మెదడు బాగానే ఉందని రాసి, చివర "పుర్రె అడుగు ఎముకలో మూలుగ మార్పు ఉంది" అని ఒక్క వాక్యం చేరుస్తారు. ఇక ఇంటిల్లిపాదికీ అదే బెంగ, క్యాన్సరేమోనని. అసలు ఆ మాటకు అర్థం ఏమిటో తెలుసుకుందాం.

మెదడుకు అడుగున, నడిమధ్యలో, ఏటవాలుగా ఉండే ఎముకను క్లైవస్ అంటారు. బిడ్డ పుట్టినప్పుడు అందులో ఎర్ర మూలుగ ఉంటుంది. రక్తకణాలను తయారుచేసేది ఇదే. వయసు పెరిగేకొద్దీ దాని స్థానంలో కొవ్వు చేరి పసుపు మూలుగగా మారుతుంది. వేటమాంసం నల్లి ఎముకలోంచి వచ్చే జిడ్డు మూలుగ మీరు చూసే ఉంటారు, అటువంటిదే. సుమారు 25 ఏళ్ళు వచ్చేసరికి చాలామందికి క్లైవస్‌లో ఎక్కువ భాగం కొవ్వే. ఇది జబ్బు కాదు, జుట్టు నెరవడం వంటిది. అయితే అందరిలోనూ ఒకే తీరుగా జరగదు. కొందరిలో మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

ఎమ్మారైలో టీ-వన్ అనే రకం చిత్రంలో కొవ్వు తెల్లగా, ఎర్ర మూలుగ నల్లగా కనబడతాయి. కాబట్టి రెండేళ్ళ బిడ్డకు క్లైవస్ నల్లగా ఉంటే అది సహజం. యాభై ఏళ్ళ మనిషికి అలాగే ఉంటే మాత్రం కారణం వెతకాలి. రోగి వయసు తెలియకుండా ఈ చిత్రాన్ని చదవలేము. పెద్దవారిలో క్లైవస్ సాధారణంగా దాని వెనుకనున్న మెదడు భాగం కంటే తెల్లగా ఉంటుంది.

లోపలి చెవి దగ్గరి ఎముక కొన ఇంకొక తికమక పెడుతుంది. ఒక పక్క గాలి గదులు, మరో పక్క కొవ్వు మూలుగ ఉంటే, తెల్లగా ఉన్న పక్క గడ్డ ఉన్నట్టు తోస్తుంది. కొవ్వును అణచే పద్ధతిలో మరో చిత్రం తీస్తే ఆ తెలుపు తగ్గిపోతుంది, అనుమానం తీరుతుంది.

పెద్దవారిలో నల్లగా ఉన్నంత మాత్రాన క్యాన్సరే అనుకోనక్కరలేదు. దీర్ఘకాలంగా రక్తహీనత ఉంటే రక్తం చాలక, శరీరం కొవ్వు మూలుగను తిరిగి ఎర్ర మూలుగగా మార్చుకుంటుంది. సికిల్ సెల్, తలసీమియా ఉన్నవారిలోనూ ఇంతే. కానీ లుకేమియా, మైలోమా, రొమ్ము లేక ప్రోస్టేట్ నుండి పాకిన క్యాన్సర్ కూడా ఇలాగే కనిపించవచ్చు. అందుకే హిమోగ్లోబిన్ పరీక్షతో మొదలుపెట్టి, అవసరమైతే మిగతా పరీక్షలు చేయిస్తారు. ఒకటి రెండుగా కనిపించడం, ముఖం తిమ్మిరెక్కడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిలిములు, పాత స్కానింగులు ఉంటే అవీ తీసుకెళ్ళండి. రక్తం ఎక్కించుకున్నా, తలకు, మెడకు రేడియేషన్ తీసుకున్నా తప్పక చెప్పండి. రేడియేషన్ తగిలిన ఎముక వయసుతో నిమిత్తం లేకుండా కొవ్వుతో తెల్లబడుతుంది.