కర్పూరమా, గోరింటా? పరమగీతము 1:14లోని ‘కోఫెర్’ గూర్చి ఒక పరిశీలన

సుమారు పదిహేనేళ్ళ క్రితము దేవరయాంజాల్‌లో ఒక ఆదివారము పరమగీతము 1:14 మీద ప్రసంగించితిని. ఏన్గెదీ ద్రాక్షావనములోని “కర్పూరపు పూగుత్తులు” అను మాట తీసికొని, కర్పూరము తెల్లనిది గనుక పరిశుద్ధత, శేషము లేకుండ కరిగిపోవును గనుక సంపూర్ణ సమర్పణ, దూరమునకు వాసన వ్యాపించును గనుక సాక్ష్యము అని మూడు అంశములు చెప్పితిని. మూడును సులువుగా అమరినవి. అంత సులువుగా అమరినప్పుడే అనుమానింపవలసినది!

ఆరాధన ముగిసిన తరువాత పూలు కట్టి అమ్ముకొను ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, కర్పూరానికి పూలు యాడ పూస్తయి? మేమెన్నడు సూడలే” అని అడిగినది. వచ్చే వారము చెప్పెదనని తప్పించుకొంటిని. ఆ వారము గ్రంథములు తిరగవేసినప్పుడు తెలిసినదేమనగా, నా మూడు అంశములకును మూల వచనముతో ఏ సంబంధమును లేదు.

హెబ్రీ మూలములో ఉన్న మాట ‘ఎష్కోల్ హక్కోఫెర్’. ‘ఎష్కోల్’ అనగా గుత్తి. ‘కోఫెర్’ అనునది ఒక మొక్క పేరు. క్రీస్తుకు పూర్వము గ్రీకులోనికి తర్జుమా చేసిన సప్తతి అనువాదకులు దానిని ‘కుప్రోస్’ అనిరి; గ్రీకులో ఆ పేరు గోరింట మొక్కకు వాడుకలో ఉన్నది. అయితే సైప్రస్ ద్వీపము పేరు కూడ గ్రీకులో కుప్రోసే. లాటిను బైబిలు దానిని ‘కిప్రి’ అనియే ఉంచినది. పిమ్మట యూరపులో గోరింటను ఎరుగని చదువరులకు ఈ మాట ఏ మొక్కో బోధపడలేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదకులు ‘కాంఫైర్’ అని వ్రాసి, అంచున సైప్రెస్ చెట్టు అని మరియొక అర్థము చేర్చిరి. ఒకే వచనములో రెండు తప్పు దారులు కనబడుచున్నవి. కాంఫైర్ అనునది ఆనాటి ఆంగ్లములో కర్పూరమునకు ఉన్న పేరు. 1885లో సవరించిన ఆంగ్ల అనువాదము దీనిని దిద్ది ‘హెన్నా పువ్వులు’ అని వ్రాసినది. మన తెలుగు పాత అనువాదము మాత్రము 1:14లో కర్పూరపు పూగుత్తులను, 4:13లో కర్పూరవృక్షములను అట్లే నిలుపుకొన్నది.

కర్పూరమైన ఒకటేనా? కాదు. చీనా, జపాను, తైవాను ప్రాంతముల చెట్టు నుండి వచ్చునది ఒకటి. సుమత్రా, బోర్నియో దీవులలోని వేరొక మహావృక్షము కాండములో దొరకునది మరియొకటి. ఈ రెండు చెట్లకు బంధుత్వము లేదు, పేరు మాత్రము ఒకటే. నేడు అంగడిలో దొరకు హారతి కర్పూరము ఎక్కువగా దేవదారు జాతి చెట్ల తైలము నుండి కర్మాగారములో తయారగునది. మన పెరటిలోని కర్పూరవల్లి వీటిలో ఏదియు కాదు, అది వామాకు. కర్పూరపు చెట్టు తూర్పు ఆసియాది. పరమగీతకారుడు ఏన్గెదీ తోటలో దానిని చూచెననుట పొసగదు.

ఏన్గెదీలో గోరింట పెరుగుట మాత్రము సహజము. మృత సముద్రపు పడమటి ఒడ్డున, సముద్ర మట్టమునకు సుమారు 400 మీటర్ల దిగువన ఉన్న ఊటల ప్రదేశమది. చుట్టును ఎడారి, నడుమ వెచ్చని పచ్చని తోటలు. దానికి ఉత్తరముగా ఉన్న యెరికో తోటలలో బాల్సముతో పాటు కుప్రోస్ కూడ పండునని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ వ్రాసెను. వృక్షశాస్త్రజ్ఞులు ఈ మొక్కను లాసోనియా ఇనెర్మిస్ అందురు; 1753లో లిన్నేయస్ ఐజక్ లాసన్ అను స్కాట్లండు వైద్యుని పేర దానికి ఈ పేరు పెట్టెను. కొమ్మల చివర చిన్న చిన్న పువ్వులు, లేత పసుపు కలిసిన తెలుపు, ద్రాక్షగుత్తివలె పెద్ద గుత్తులుగా విరియును. ఘాటైన పరిమళము గలది. ఈ పూలనుండియే హినా అత్తరు తీయుదురు. ఇప్పటి వర్గీకరణలో గోరింట, దానిమ్మ ఒకే కుటుంబమునకు చెందినవి. 4:13లో దాడిమవనము, కోఫెర్ పక్కపక్కనే ఉండుట కవి యెరిగి చేసినది కాదు గాని, చదివినప్పుడు ముచ్చటగా ఉండును.

ఇక మన భాషలోని చిక్కు. ‘గోరింట’ అని దిద్దినంత మాత్రాన పని తీరదు, ఏలయనగా ఆ పేరు కూడ ఒక్క మొక్కది కాదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు చేలగట్ల మీద, కంచెల వెంట ముండ్లతో, పసుపుపచ్చని పూలతో పెరుగు పొద కూడ గోరంటయే. ముళ్ళగోరింట అని విడదీసి చెప్పుదురు. దాని శాస్త్రీయ నామము బార్లేరియా ప్రయోనైటిస్. ఆ జాతి పేరు 17వ శతాబ్దపు డొమినికన్ సన్యాసి బారెలియే పేర వచ్చినది. ఆ ఆకు నూరి చేతికి పెట్టుకొన్నను ఎరుపెక్కదు. కాశీతుంబను ముద్దగోరింట అనువారు కలరు. ఈ మూడు మొక్కలు మూడు వేర్వేరు కుటుంబములవి.

గోరుకు అంటునది గనుక గోరంట, అదియే గోరింట అయినదని పెద్దలు చెప్పుదురు. సంస్కృతములో గోరింటకు నఖరంజని అను పేరుండుట ఈ మాటకు బలము. అయినను నాకు ఒక సందేహము. గోళ్ళకు రంగు వేయని ముండ్ల పొదకు ఈ పేరెందుకు వచ్చినది? కన్నడములో కూడ ఆ పొద గోరంటెయే, కాని కన్నడములో గోరును ‘ఉగురు’ అందురు. అక్కడ గోరంటెలో గోరు లేదు. సంస్కృతములో ముండ్ల పొదకే కురంటకము అను పేరున్నది. అమరకోశము పువ్వు రంగునుబట్టి ఎర్రనిదానిని కురవకమనియు, పచ్చనిదానిని కురంటకమనియు విడదీసినది. కురంటమే గోరంటయై, ముందు ముండ్ల పొదకు చెల్లి, తరువాత చేతులు పండించు మొక్కకు సంక్రమించగా, జనులు ఆ మాటలో గోరును చూచిరని నా అభిప్రాయము. భాషావేత్తలు దీనిని సరిచూడవలెను.

తెలంగాణ పల్లెలలో ఈ తికమక తక్కువ. ఇక్కడ చేతికి పెట్టుకొనునది మైదాకు. మెహందీ అను మాటకు మన ‘ఆకు’ చేరి మైదాకు అయినట్లు తోచుచున్నది.

ఇదంతయు పదముల వినోదము కాదు. నేను పరిచర్యకు వచ్చిన కొత్తలో ఒక పెండ్లికుమార్తె మైదాకు చేతులతో బలిపీఠము ముందు నిలువగా, అన్యాచారమని ప్రసంగములోనే గద్దించితిని. కడిగినను పోనిది మైదాకు. ఆ బిడ్డ ప్రమాణములు చెప్పునంతసేపు అరచేతులు చీర కొంగులో దాచుకొన్నది. ఆ వారములోనే కర్పూరము మీద కూడ ఏదో పాడి ఉంటిమి. హారతి పళ్ళెములోని వస్తువు పేరు బైబిలులో కనబడినప్పుడు ఎవరమును ఉలికిపడలేదు. ప్రియునికి పోలికగా లేఖనము ఎన్నుకొన్న మొక్కను నేను అన్యులదని తోసివేసితిని, లేఖనములో లేని దానికి అర్థములు కల్పించితిని. తరువాత ఆ కుటుంబమును కలిసి క్షమాపణ కోరితిని.

అయితే ఈ వచనమును మైదాకు పెట్టుకొనుటకు ఆజ్ఞగా చూపుటయు సరికాదు. ఇక్కడ ఆకు లేదు, ఎరుపు లేదు. పువ్వున్నది, దాని వాసన ఉన్నది. ముందటి వచనములోని గోపరసము వలెనే రొమ్మున ధరించు పరిమళము గూర్చియే మాట.

విద్యార్థులు మరియొక చోట జాగ్రత్తపడవలెను. హెబ్రీలో ఇదే అక్షరములతో ‘కోఫెర్’ అనగా విమోచన క్రయధనము (నిర్గమ 30:12), ఓడకు పూసిన కీలు (ఆది 6:14), గ్రామము (1 సమూ 6:18) కూడ. గోరింట గుత్తిలో ప్రాయశ్చిత్తమును చూచిన వ్యాఖ్యానము తాల్మూదులోనే ఉన్నది, మన ప్రసంగీకులకును అది ఇష్టమే. క్రీస్తు మన క్రయధనమన్నది సత్యము. దానిని స్థాపించుటకు మార్కు 10:45 చాలును. ముండ్ల గోరంట పేరు చూచి చేతులు పండునని దాని ఆకు నూరువారెవరును లేరు గదా.

ఆ పూలమ్మకు తరువాతి ఆదివారము జవాబు చెప్పితిని. “మైదాకు పూలా? సాయంత్రమైతె మస్తు వాసనొస్తది” అని ఒక్క మాట అని వెళ్ళిపోయినది. అప్పటినుండి ఈ వచనము బిగ్గరగా చదువునప్పుడు “మైదాకు పూగుత్తులు” అనియే చదువుచున్నాను. గోరింట అంటే మా వైపు కొందరికి కంచెలోని ముండ్ల పొద గుర్తుకు వచ్చును.