స్వల్పవ్యయమున రౌటరు నిర్మాణము: పావగడ తాలూకా

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకా చాలవఱకు ఆంధ్రప్రదేశ్ భూభాగముచే చుట్టబడి యున్నది. అచట తెలుగు, కన్నడములు రెండును వ్యవహారమున నున్నవి. అనావృష్టికి పేరుపడిన యీ సీమ నేడు సౌరవిద్యుత్తువలన ప్రసిద్ధి గాంచినది. తిరుమణి మొదలగు అయిదు గ్రామముల రైతులనుండి భూములు కౌలునకు గైకొని, సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల కేంద్రమును నెలకొల్పిరి. దాని తొలిభాగము 2018లో ప్రారంభమైనది. ఇట్టి సీమలో ఒక పాఠశాలయో, పాలసంఘమో తన కంప్యూటర్లన్నిటికిని ఒకే ఇంటర్నెట్ కనెక్షనును పంచదలచినచో, తక్కువ ఖర్చుతో రౌటరును సమకూర్చుకొనుట యెట్లు?

రౌటరు పని తపాలా కచేరిలో ఉత్తరములను వేఱుచేయు ఉద్యోగి పనివంటిది. వచ్చిన ప్రతి ప్యాకెట్టుపై గల చిరునామాను జూచి, దానిని తగిన దారిని పంపును. 1969లో అమెరికాలోని ఆర్పానెట్‌నందు ఈ పనికి బీరువాయంతటి హనీవెల్ యంత్రము వలసివచ్చెను. 2002లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ యను చిన్నపెట్టె వెలువడెను. లినక్స్ ఆధారముగా నడచు దాని సోర్స్‌కోడు మరుసటి యేట బహిరంగము కాగా, 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ యను ఉచిత సాఫ్ట్‌వేరు పుట్టెను. నాటినుండి తమకు వలసినట్లు రౌటరును దిద్దుకొనుట సామాన్యులకును సాధ్యమైనది. తుమకూరు జిల్లాలోనే దేవరాయనదుర్గ ప్రాంతమున జనస్తు అను సంస్థ ఇట్టి చిన్న వైఫై రౌటర్లను గొలుసుగా గూర్చి గ్రామస్థులకొఱకు నెట్‌వర్కును నెలకొల్పినది.

చౌకయని మొదట తోచునది మూలబడిన పాత డెస్క్‌టాప్ కంప్యూటరు. దానికి రెండవ నెట్‌వర్కు కార్డు తగిలించినచో, ఒకటి ఇంటర్నెట్ వైపు, మఱియొకటి లోపలి స్విచ్చి వైపు పనిచేయును. అయితే రౌటరు రేయింబవళ్లు నడువవలసిన యంత్రము. పాత కంప్యూటరు 60 వాట్లు వాడునని కొన్నచో సంవత్సరమునకు సుమారు 525 యూనిట్లు ఖర్చగును. 6 వాట్ల చిన్న రౌటరుకు 53 యూనిట్లు చాలును. యూనిటు 7 రూపాయలుగా లెక్కించినను భేదము ఏటేట 3,300 రూపాయలు. ఉచితముగా దొరకిన యంత్రము కొన్నదానికంటె ప్రియమగుట యిట్లే.

కరెంటు పోయినపుడు భేదము మఱింత స్పష్టమగును. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 84 వాట్-గంటల శక్తి యుండును. దానిపై పాత కంప్యూటరు గంటసేపైనను నిలుచుట అరుదు. చిన్న రౌటరు సుమారు పదిగంటలు నడచును. దినమునకు దానికి వలసినది 144 వాట్-గంటలు మాత్రమే. 50 వాట్ల సోలారు పలక, తగిన బ్యాటరీ యున్నచో ఎండగల దినములలో ఆ యవసరము తీఱును.

రాస్ప్‌బెర్రీ పై వంటి ఏకఫలక కంప్యూటరు మధ్యమమార్గము. 2019లో వచ్చిన దాని నాలుగవ రూపమునకు ఒకే నెట్‌వర్కు పోర్టు గలదు. రెండవదానిని యూఎస్‌బీ అడాప్టరుతో కల్పించుకొనవలెను. మూడవ రూపమునందు నెట్‌వర్కు యూఎస్‌బీ 2.0 మార్గముననే పోవుటచే వేగము పరిమితము.

చిన్న రౌటరును కొనువారు మూడు విషయములు గమనింపవలెను. మొదటిది, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టికలో ఆ మోడలు ఉండవలెను. రెండవది, ఫ్లాష్ 16, ర్యామ్ 128 మెగాబైట్లకు తగ్గకుండుట మేలు. 4, 32 మెగాబైట్ల పాత పెట్టెలకు నూతన రూపములు వెలువడుట లేదు. మూడవది, ఒకే పేరుగల మోడలులో వెర్షను మాఱినచో లోపలి చిప్పు మాఱవచ్చును. కావున అడుగునగల చీటిని చదివి కొనవలెను.

వీపీఎన్ గూఢలిపీకరణము, వందలకొలది వినియోగదారులు ఉన్నచోట మాత్రము బలమైన ప్రాసెసరు ఆవశ్యకము. అచట ఏఈఎస్ సౌకర్యముగల వాడిన థిన్ క్లయింటు తగును. తక్కినచోట్ల అంగడి వెలకు అయిదేండ్ల కరెంటు ఖర్చును చేర్చి పోల్చిన పిమ్మటనే యంత్రమును ఎన్నుకొనుట యుక్తము.