ఏరియలు తీగకును కేబులునకును పొంతన

డాబాపై రెండు వెదురు గడలు నాటి, వాని నడుమ రాగితీగ లాగి, ఇరుకొసల పింగాణీ గుబ్బలు కట్టి, అందుండి మరియొక తీగను కిటికీ గుండ రేడియో పెట్టెలోనికి దింపుకొనిన దినములు పెద్దవారికి జ్ఞాపకముండును. కొందరి యిండ్లలో గది పైభాగమున రాగిజాలి పట్టీయే ఏరియలుగా వ్రేలాడుచుండెడిది. ఆ తీగ పొడవెంత యని గాని, దిగుతీగ ఏ రకమని గాని విచారించినవారు అరుదు. తీగ ఎంత పొడవైన అంత మేలు, ఎంత ఎత్తైన అంత మేలు. వార్తలు వినబడెను, పాటకచ్చేరీలు వినబడెను. అంతకు మించి ఎవరికేమి కావలెను?

అదే డాబాపై అదే రాగితీగ కట్టి, వినుటయేగాక మాటాడుటకును పూనుకొనువారు కలరు. వీరిని ఔత్సాహిక రేడియోవారనియు, హామ్‌లనియు అందురు. పరీక్షయందు ఉత్తీర్ణులై, కేంద్ర ప్రభుత్వమువారి లైసెన్సును, తమకంటూ ఒక పిలుపు గుర్తును పొంది వీరు ప్రసారము చేయుదురు. ఇది వట్టి వినోదమని తలపరాదు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ అండమాను దీవులను ముంచెత్తినపుడు, హైదరాబాదున 1983లో నెలకొనిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున పోర్ట్ బ్లెయిరునకు వెళ్లియున్న భారతీ ప్రసాద్ గారు తమ కేంద్రమునుండి ప్రధాన భూభాగమునకు వార్తలంద జేసిరి. టెలిఫోను మూగవోయినపుడు ఆత్మీయుల క్షేమసమాచారమునకై ఎదురుచూచు కుటుంబములకు అట్టి వార్త ఎంతటిదో చెప్పనక్కరలేదు. తుపాను వెలిసిన మరునాడు ఇనుప గోపురములు నిలుపుటకు వ్యవధి యుండదు. చేతికందిన తీగ, రెండు చెట్లు, ఒక కేబులు చుట్ట, వీనితోనే పని గడవవలెను. కనుక ఆ తీగకును కేబులునకును పొంతన కుదుర్చుట హామ్ నేర్వవలసిన తొలివిద్యలలో నొకటి.

వినువారికి లేని చింత మాటాడువారికేల? షార్టువేవు మీద మన తీగకు దూరపు కేంద్రపు ధ్వనితోపాటు ఆకాశమందలి చిటపటలును వచ్చును. పొంతన చెడి సగము శక్తి దారిలో పోయిన, ధ్వనియు సగమగును, చిటపటయు సగమగును. రిసీవరు రెంటిని కలిపి పెంచుకొనును. వినువారికి భేదము తెలియనే తెలియదు. ప్రసారమున అట్లు కాదు. మన చేత నున్నవి నూరు వాట్లైన, తీగ నుండి వెలువడనిది వెలువడనిదే. దానిని అవతలివాడు ఏ రిసీవరుతోను రాబట్టుకొనలేడు.

ఇక పొంతన యనగా నేమి? రేడియో పౌనఃపున్యములయందు ప్రతి కేబులును తనగుండ పోవు శక్తికి ఒక విధమైన అడ్డు చూపును. దీనిని అవరోధమందురు, ఓములలో లెక్కింతురు. నడిమి తీగ మందము, పై అల్లిక వ్యాసము, రెంటి నడుమ నున్న పదార్థము, ఇవి కేబులు అవరోధమును నిర్ణయించును. పొడవుతో దీనికి పనిలేదు. పది అడుగుల ముక్కయైనను, నూరడుగుల చుట్టయైనను 50 ఓముల కేబులు 50 ఓములదే. కొత్తవారు కొందరు మామూలు మీటరు పెట్టి ఆ 50ని వెదకి, కానక, అంగడివాడు మోసగించెనని వగచుట కలదు. ఆ మీటరు బ్యాటరీ విద్యుత్తునకు మాత్రమే లెక్క చెప్పును. పరుగెత్తు తరంగపు సంగతి దాని కేమి తెలియును?

ఒక పురికొసను లావుపాటి మోకునకు ముడివేసి, మోకు రెండవ కొసను దూరపు గుంజకు కట్టి, పురికొసను చేతబట్టి ఒక విదిలింపు విదిలింపుడు. అల ముడివరకు పరుగెత్తును. అచ్చట కొంత మోకులోనికి సాగును, కొంత వెనుదిరిగి మన చేతికే వచ్చును. పురికొసను పురికొసకే ముడివేసితిమా, అల ఆ ముడిని లెక్కచేయక సాగిపోవును. కేబులు ఏరియలును కలిసికొను చోట జరుగునదియు నిదియే. రెంటి అవరోధములు సమానమైన శక్తి యంతయు తీగలోనికి పోవును. కానిచో కొంత తిరుగుముఖము పట్టును. పోవు తరంగమును తిరిగివచ్చు తరంగమును కేబులులో కలిసి, ఒకచోట ఉబ్బును, మరియొకచోట తగ్గును. ఉబ్బునకును తగ్గునకును గల నిష్పత్తికే స్థిరతరంగ నిష్పత్తి యని పేరు. అది 1 అయిన పొంతన పరిపూర్ణము. 2 అయిన నూటికి 11 వంతులు, 3 అయిన 25 వంతులు వెనుదిరుగును.

ఒక నిజమైన తీగను తీసికొందము. మన దేశపు హామ్‌లు పెక్కుమంది ఉదయవేళ పలుకరించుకొనునది 7 మెగాహెర్ట్జుల పట్టీమీద. నాటి భాషలో మెగాసైకిళ్లు. ఈ పట్టీ మనకు 7.0 నుండి 7.2 వరకు కలదు. నడుమనున్న 7.1కి తరంగ దైర్ఘ్యము 42 మీటర్ల పైచిలుకు, అందు సగము 21 మీటర్లు. తీగ కొసల ప్రభావమువలన నూటికి అయిదు వంతులు తగ్గింపవలసియుండును. 468ని మెగాహెర్ట్జులతో భాగించిన అడుగులలో పొడవు వచ్చునని హామ్‌లు కంఠస్థము చేసికొను సూత్ర మిదియే. మన లెక్కకు 66 అడుగులు. ఆ తీగను నడుమ రెండుగా త్రుంచి, ఒక సగమునకు కేబులు నడిమి తీగను, రెండవ సగమునకు పై అల్లికను అతికిన డైపోలు సిద్ధము.

దీని నడిమి అవరోధము 73 ఓములని పుస్తకములు వ్రాయును. అది నేలకు మిక్కిలి ఎత్తున నున్న తీగ మాట. నేల దగ్గరపడినకొలది ఈ సంఖ్య ఊగిసలాడును. 7.1 మీద 14 మీటర్ల ఎత్తున అది 90 దాటును. ఆరు మీటర్లకు దిగిన, నేల స్వభావమునుబట్టి, 50 ప్రాంతమునకు వచ్చును. ఒకే గడ మాత్రమున్నవారు నడిమి భాగమును గడమీదికెత్తి, రెండు చేతులను గుడారమువలె వాలుగా దించి కట్టుదురు. అట్లు వంచినను అవరోధము 50కి చేరువకు దిగును. ఇది పేదవాని సదుపాయమని చులుకన చేయువారు కలరు గాని, మా దృష్టిలో మన యిండ్లకు ఇంతకు మించిన కట్టు లేదు. 73 ఓములే ఉన్నను, దానిని 50 ఓముల కేబులుతో కలిపిన నిష్పత్తి ఒకటిన్నర మించదు. వెనుదిరుగునది నూటికి నాలుగు వంతులైనను కాదు. దానికై నిద్ర మానుకొనుట వృథా.

పొడవు సరిజూచుట వేరు పని. తీగ నిడివి ఎక్కువైన నిష్పత్తి మిక్కిలి తగ్గెడి చోటు పౌనఃపున్యము క్రిందికి జారును, తక్కువైన పైకి పోవును. అందుచే మొదట కొంత మిగులునిచ్చి కత్తిరింపవలెను. 67 అడుగుల 6 అంగుళములు కట్టి చూడగా కనిష్ఠము 6.93 వద్ద కనబడెననుకొందము. 67.5ను 6.93తో గుణించి 7.1తో భాగింపగా 65.9 వచ్చును. అనగా మొత్తముమీద 19 అంగుళములు ఎక్కువ. ప్రతి కొసను తొమ్మిదిన్నర అంగుళములు తగ్గింపవలెను. కత్తిరింపకుడు, మడచి చుట్టుడు. త్రుంచిన తీగను మరల పెంచుట కష్టము. పైన ప్లాస్టికు తొడుగున్న తీగయైన ఇంకను కొంచెము పొట్టిగా కుదురును.

అన్ని తీగలును 50కి ఇంత దగ్గరగా నుండవు. పూర్వము దూరదర్శన్ చూచుటకు మేడలపై నిలిపిన ఏరియలులో ఒక గొట్టము సాగదీసిన ఉంగరమువలె మడచియుండుట అందరును చూచినదే. అది మడత డైపోలు. విద్యుత్తు రెండు సమాన మార్గములుగా చీలుటవలన దాని అవరోధము 73కి నాలుగు రెట్లై, సుమారు 300 ఓములగును. నాడు దానినుండి దిగిన బల్లపరుపు జంటతీగ కేబులు కూడ 300 ఓములదే కావున ఆ రెంటికి పొంతన పుట్టుకతోనే వచ్చినది. నడిమి అవరోధము 100 ఓములకు అటునిటుగా నుండు పూర్తి తరంగపు తీగ చట్రమునకు మరియొక ఉపాయము కలదు. చట్రమునకును 50 ఓముల కేబులునకును నడుమ పావు తరంగము పొడవున 75 ఓముల టెలివిజను కేబులు ముక్కను చేర్చుటయే. పావు తరంగపు ముక్క యొక్క అవరోధమును దానితోనే గుణించిన, ఇరుకొసల అవరోధముల లబ్ధము రావలెను. 50ని 100తో గుణించిన 5000. దాని వర్గమూలము 71. మన 75 దానికి చాల దగ్గర. అయితే కేబులులో తరంగము ఆకాశమునందువలె పరుగెత్తదు. గట్టి పాలిథీను నింపిన కేబులులో నూటికి 66 వంతుల వేగమే. కనుక 14.1 మెగాహెర్ట్జులకు కావలసినది పదునేడున్నర అడుగులు కాదు, పదకొండున్నర అడుగులు. ఇది మరచినందున చెడిన ప్రయత్నములు తక్కువేమి కాదు.

మరియొకటి. డైపోలు రెండు చేతులును సమానములు. కేబులునకో, లోతీగ వేరు, పై అల్లిక వేరు. నేరుగా కలిపిన కొంత విద్యుత్తు అల్లిక వెలుపలి తలముమీదుగా క్రిందికి దిగి, కేబులునే మూడవ చేతిగా మార్చును. అప్పుడు పొరుగింటి టెలివిజనులో మన గొంతు వినబడును. మైకును ముట్టిన పెదవి చురుక్కుమనుటయు కలదు. డైపోలు మొదట కేబులునే ఒక ఫెర్రైటు కడియము గుండ పదిసార్లు చుట్టిన ఆ దొంగదారి మూతపడును. దీనిని బాలున్ అందురు. పొరుగువారితో సఖ్యతకైనను ఇది కట్టుకొనదగినది.

ఇప్పుడు ముల్లు సంగతి. నిష్పత్తి చూపు మీటరు ముల్లు 1కి చేరుటయే పరమార్థమని తలచువారు పెక్కుమంది. మేమును అట్లే తలచి మోసపోతిమి. మేడమీది నీళ్లతొట్టికిని పెరటి కొబ్బరిచెట్టునకును నడుమ డైపోలు కట్టి, నూరడుగుల కేబులు కొనితెచ్చి దింపితిమి. మొదటి దినమున ముల్లు 1.4 చూపెను. బెంగుళూరు పలికెను, నాగపూరు పలికెను. రెండు వానకాలములు గడచినపిమ్మట ఒకనాడు చూడగా ముల్లు 1.1 వద్ద నిలిచియుండెను. తీగ తనంతట తానే సర్దుకొనినదని మురిసితిమి. విచిత్రమేమనగా, ముల్లు బాగుపడినకొలది పలుకువారు తగ్గిరి. సూర్యబింబముమీది మచ్చలను నిందించితిమి, ఋతువును నిందించితిమి, మైకును మార్చితిమి. మా యింటికి వచ్చిన వృద్ధ హామ్ ఒకరు అంతయు విని, "పైన కేబులును తీగనుంచి విప్పేసి, అప్పుడు ముల్లు చూడండి బాబూ" అనిరి. నిచ్చెన వేసి విప్పితిమి. అతి తక్కువ శక్తితో పరీక్షింపగా, ఏరియలే లేని కేబులుకు ముల్లు 1.2 చూపెను!

పై ముడిలోనుండి నీరు అల్లికలోనికి దిగి, రాగి నల్లబడి, ఆకుపచ్చ చిలుము పట్టియుండెను. శక్తిలో పదవ వంతు మాత్రమే పైకి చేరుచుండెను. అచ్చట వెనుదిరిగినదియు దారిలోనే హరించిపోయి, మీటరు దాకా వచ్చుటకు ఏమియు మిగులకుండెను. ముల్లునకు కనబడునది తిరిగివచ్చిన శక్తి మాత్రమే. అది రానందున, పొంతన కుదిరినదని ముల్లు చెప్పెను.

మంచి కేబులులోనైనను ఈ మాయ కొంత కలదు. పైన నిష్పత్తి 3 ఉన్నదనుకొందము. దారిలో ఒక్క డెసిబెలు మాత్రమే పోగొట్టు కేబులైన, క్రింద ముల్లు 2.3 చూపును, నూరు వాట్లలో 71 తీగకు చేరును. పొంతన పూర్తిగా కుదిరియున్నను చేరునవి 79 మాత్రమే యనుట గమనింపదగినది. భేదము ఎనిమిది వాట్లు. అదే ఆరు డెసిబెలులు మ్రింగు కేబులైన, ముల్లు 1.3 చూపి మనలను సంతోషపెట్టును; తీగకు చేరునవి 19 వాట్లు. ప్రసార యంత్రము ప్రక్కన ట్యూనరు పెట్టి ముల్లును 1కి తెచ్చినను కేబులులోని స్థితి మారదు. యంత్రము శాంతించును, అంతే. ట్యూనరును మేము నిందించుట లేదు. ఒకే తీగతో పెక్కు పట్టీలమీద మాటాడువారికి అది తప్పనిసరి. కాని అది చేయునదేమో, చేయనిదేమో తెలిసి వాడవలెను.

నాటినుండి తొలకరికి ముందొకసారి పై ముడి విప్పి చూచుట మాకు అలవాటైనది. ఏరియలు లేనపుడు ముల్లు ఎనిమిది, తొమ్మిది దాటి పోవలెను. పోనిచో దోషము కేబులుదే. ముడికి సాగెడు రబ్బరు పట్టీని బిగించి చుట్టి, దానిపై మరల టేపు చుట్టి, నీరు జారిపోవునట్లు కేబులును క్రిందికి ఒక వంపు త్రిప్పి కట్టుచున్నాము. ఎక్కునపుడు దగ్గరలో కరెంటు తీగలు లేవని రూఢి చేసికొననిదే నిచ్చెన వేయరాదు; ఉరుము వినబడిన కేబులును యంత్రమునుండి ఊడదీసి గది వెలుపల నుంచవలెను. ప్రసారవేళ తీగ కొసలయందు వోల్టేజి మిక్కిలి ఎక్కువ కావున పిల్లల చేతికందు ఎత్తున కొసలను కట్టరాదు.

కొత్త కేబులు వేసిన దినమున ముల్లు మరల 1.4 చూపెను, నాగపూరు మరల పలికెను. పాత కేబులు పెరట్లో దండెమైనది.