సోడియం ద్వారం సమయానికి మూసుకోకపోతే గుండెకు ఏమవుతుంది?

ప్రశ్న: మా బంధువుల అబ్బాయి ఏ జబ్బూ లేనివాడు, నిద్రలోనే చనిపోయాడు. గుండెలో సోడియం ఛానల్ లోపం కావచ్చని డాక్టరుగారు అన్నారు. అంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు, మాధవరం, చెన్నై

జవాబు: గుండె కొట్టుకునే ప్రతిసారీ ముందుగా దాని కండర కణాల్లోకి సోడియం అయాన్లు ఒక్కసారిగా చొరబడతాయి. వాటికి దారిచ్చే ప్రోటీన్‌ను ఎస్‌సీఎన్5ఏ అనే జన్యువు తయారు చేయిస్తుంది. ఈ దారి తెరుచుకున్న కొద్ది మిల్లీసెకన్లలోనే తనంతట తాను మూతపడాలి. దాన్నే ఇనాక్టివేషన్ అంటారు.

ఎలా మూతపడుతుంది?

ఆ ప్రోటీన్‌లో నాలుగు పెద్ద భాగాలున్నాయి. మూడో భాగాన్నీ నాలుగో భాగాన్నీ కలిపే గొలుసులో ఐసోల్యూసిన్, ఫినైల్అలనిన్, మెథియోనిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. ఇవే తలుపుకు గడియ. దారి తెరుచుకోగానే పక్కనున్న గుంటలో ఇరుక్కుని దాన్ని మూసేస్తాయి.

మ్యుటేషన్ వస్తే?

గడియ సరిగా పడకపోతే సోడియం సన్నగా కారుతూనే ఉంటుంది. కణం మళ్లీ విశ్రాంతి స్థితికి రావడం ఆలస్యమై, ఈసీజీలో క్యూటీ వ్యవధి పెరుగుతుంది. దీని పేరు లాంగ్ క్యూటీ మూడో రకం. దీనికి కారణం ఎస్‌సీఎన్5ఏ లోపమని 1995లో తేలింది. ఆ గొలుసులోనే మరో మూడు అమైనో ఆమ్లాలు లోపించిన కుటుంబాలు అప్పుడు బయటపడ్డాయి. గుండె నెమ్మదించినప్పుడు క్యూటీ మరింత సాగుతుంది. అందుకే ఈ రకంలో నిద్రలో ముప్పు ఎక్కువ.

మరికొన్ని మ్యుటేషన్లలో గడియ త్వరగా పడుతుంది, లేదా పడ్డది త్వరగా తెరుచుకోదు. అప్పుడు లోపలికి రావలసిన సోడియం చాలదు. 1992లో బ్రుగాడా సోదరులు వివరించిన జబ్బుకు ఇదొక కారణం. ఇందులోనూ నిద్రలో, జ్వరంలో ప్రమాదం పెరుగుతుంది. ఈ1784కే అనే ఒకే మార్పు కొందరిలో మొదటి జబ్బును, కొందరిలో రెండోదాన్ని, కొందరిలో రెండింటినీ తెస్తుంది.

తేడా తెలిస్తే లాభమేమిటి?

చికిత్స దానిమీదే ఆధారపడుతుంది. సోడియం కారడాన్ని తగ్గించే మెక్సిలెటిన్ లాంగ్ క్యూటీ మూడో రకంలో చాలామందికి మేలు చేస్తుంది. బ్రుగాడా జబ్బు ఉన్నవారికి మాత్రం సోడియాన్ని అడ్డుకునే ఫ్లెకైనైడ్ వంటి మందు ప్రాణాంతకం కావచ్చు.

ఇలాంటి మార్పు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. కాబట్టి ఆ అబ్బాయి తల్లిదండ్రులు, తోబుట్టువులు గుండె లయ నిపుణుడికి చూపించుకుని ఈసీజీ తీయించుకోవాలి. ఒక ఈసీజీ బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. ఈ జబ్బులు కొన్నిసార్లు ఈసీజీకి దొరకవు. జన్యు పరీక్ష అవసరమా అని కూడా అడగండి. దుఃఖంలో ఉన్నా ఈ పని వాయిదా వేయవద్దు.