బండ తగిలినను ఇరుసు ఏల విరుగదు?

వంశధార, నాగావళీ తీరముల పొలములలో ట్రాక్టరు వెనుక నిమిషమునకు 540 చుట్లు తిరుగు ఇరుసు నుండి బలమునందుకొని దున్నుచున్న రోటవేటరు కత్తులు మట్టిలో దాగిన బండకు తగిలి హఠాత్తుగా నిలిచిపోయినను, ఆగని ఇంజనుకును ఆగిన కత్తులకును నడుమ చిక్కిన ఇరుసు విరుగకుండుట రక్షక క్లచ్చి వలననే.

అందు ఘర్షణ పలకలను స్ప్రింగులు గట్టిగా ఒత్తిపట్టి యుంచును. ఆ ఒత్తిడి వలన జనించు ఘర్షణ మోయగలిగినంత టార్కు, అనగా తిప్పు బలము, వరకు క్లచ్చికి ఇరువైపులనున్న రెండు ఇరుసులును ఏకమై తిరుగును, అది మించిన క్షణమున పలకలు ఒకదానిపై నొకటి జారి, అదనపు శక్తి ఉష్ణముగా మారును. ఆ జారుడు దీర్ఘకాలము సాగినచో పలకలే మాడిపోవును. బలము పెరుగునని తలచి స్ప్రింగుల బోల్టులను అతిగా బిగించుట మిక్కిలి ప్రమాదకరము. అప్పుడు క్లచ్చి జారదు, ఇరుసో పండ్లచక్రమో విరుగును.

కొన్ని యంత్రములలో క్లచ్చికి బదులు ఒక బలహీనమైన బోల్టు తెగి ఇరుసును కాపాడును. కాని దానిని మార్చువరకు పని సాగదు.