ధ్రువ సముద్రపు లోనీటి దారి



పెద్దవూర ప్రాంతమువారికి నాగార్జునసాగరపు నీరు క్రొత్త గాదు. గాలి వీచునపుడు ఆ నీటిపై నొక యెండుటాకు వేసి చూడుడు. గాలి త్రోసిన వైపునకే యది పోవును. లోతున నీరెటు కదలుచున్నదో ఆ యాకు చెప్పజాలదు. ఉత్తర ధ్రువ సముద్రమును గూర్చి శాస్త్రజ్ఞులకు వచ్చిన చిక్కును ఇట్టిదే. అచట ఆకునకు బదులు మంచు తేలుచుండును.

1893 మొదలు 1896 వరకు నార్వే దేశీయుడగు నాన్సెన్ యాత్రలో ‘ఫ్రామ్’ నౌక ఆ మంచులో బిగిసి, దానితోడనే కొట్టుకొనిపోయెను. చల్లని పైనీటి క్రింద వెచ్చని ఉప్పునీటి పొర యున్నదని అపుడు తెలిసెను. అది అట్లాంటిక్ సముద్రమునుండి వచ్చిన నీరు. వెచ్చని నీరు పైకి తేలవలదా యని మీరడుగవచ్చును. అంతటి చలిలో నీటి బరువును ముఖ్యముగా నిర్ణయించునది వేడి కాదు, ఉప్పు. నదుల మంచినీరు కలిసిన పైపొర తేలికయై, మూత వలె నిలిచి, క్రింది వేడిమిని మంచునకు తగులనీయక అడ్డుచున్నది. ఆ మూత పలుచనైనచో మంచు గతి యేమి? ఆ వెచ్చని నీటి దారి తెలియుట వట్టి వినోదము కాదు.

మంచు క్రింద అంతటను పరికరములు దింపుట సాధ్యము కాదు. కావున సముద్రమును కంప్యూటరులో గళ్లుగా విభజించి, ప్రతి గడిలోను నీటి కదలికను లెక్కింతురు. ఇట్టి నమూనాలు పెక్కు దేశములలో గలవు. వానిని సరిపోల్చుటకు అంతర్జాతీయ ప్రణాళిక యొకటి నడచినది. సాధ్యమైనంతవరకు అన్నిటికిని ఒకే గాలిని ఇచ్చి చూచిరి. కొన్నిటిలో అట్లాంటిక్ నీరు అప్రదక్షిణముగా తిరిగెను. కొన్నిటిలో ప్రదక్షిణముగా తిరిగెను! అంకెలలో కొద్ది తేడాయైనచో సరిపెట్టుకొనవచ్చును. ఇది దిక్కే తారుమారగుట.

ఓట్లు లెక్కించి తేల్చు విషయమా యిది? పదిమందియు ఒకే పొరపాటు చేయవచ్చును. నీటినే అడుగవలసివచ్చెను. బ్రిటను, ఫ్రాన్సు దేశముల అణు ఇంధన కర్మాగారములనుండి సముద్రమున కలిసిన రేడియోధార్మిక అయొడిన్ ఆ నీటితో పయనించినది. శాస్త్రమునకై యెవరును వేయని గుర్తు అది! దాని జాడ ననుసరింపగా, నీరు ఖండపు అంచుల వెంట అప్రదక్షిణముగా పోవుచున్నట్లు కనబడెను. సన్నని ప్రవాహమునకు గళ్లు మరీ పెద్దవగుట, చిన్న సుడులను లెక్కకు తెచ్చు పద్ధతి మొదలగునవి నమూనాల భేదములకు కారణములు.

1999లో హైదరాబాదున ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమునకును ఈ దిక్కున పాలు కలదు. 2014 జూలైలో స్వాల్బార్డు దీవులలోని కాంగ్స్‌ఫియోర్డు అను సముద్రపు పాయలో మనదేశపు శాస్త్రజ్ఞులు ‘ఇండార్క్’ అను పరికరముల వరుసను 192 మీటర్ల లోతుగల చోట దింపిరి. అట్లాంటిక్ నీరు ఆ పాయలోనికి చొచ్చుచుండును. ఒక వరుస ఒక చోటి మాటయే చెప్పును. అయినను, ఆ చోట నమూనా చెప్పిన ఉప్పును, నీటిలో కొలిచిన ఉప్పును ప్రక్కప్రక్కన నుంచి చూడవచ్చును.