ఒక పందెపు జట్టు పతనము

నేడు మోటారు సైకిలు పందెములను గూర్చి కొంత విన్నవింపదలచితిని. బడిలో అమరకోశము వల్లెవేయించి విశ్రాంతి పొందిన పంతులుకు ఈ విషయముతో నేమి పని యని మీలో కొందఱు శంకింపవచ్చును. పరుల సొత్తుపై నాధారపడిన సంస్థ యెట్లు నిలుచునో, యెట్లు కూలునో తెలియుటకు ఇంతకంటె తేటయైన దృష్టాంతము నాకు దొరకలేదు. అందువలన దీని నెన్నుకొంటిని.

మోటారు సైకిలు పందెములలో ఉత్తమశ్రేణికి 2002 నుండి మోటోజీపీ యని పేరు. అంతకుముందు దానిని 500 ఘన సెంటీమీటర్ల తరగతి యనెడివారు. ఇందలి జట్లు రెండు విధములు. హోండా, యమహా వంటి నిర్మాతలు తామే నడుపుకొనునవి మొదటివి. స్వతంత్రులు నడుపునవి రెండవవి. స్వతంత్రులకు యంత్రములు తఱచుగా సొంతము కావు. నిర్మాతయొద్ద బాడుగకు దెచ్చుకొందురు. ఆ బాడుగకును, పనివారి జీతములకును, దేశదేశములు తిరుగు ఖర్చులకును కావలసిన ధనములో చాలభాగము, బండిపై తన పేరు వ్రాయించుకొను వ్యాపార సంస్థ యిచ్చును.

అంగడిలో బండిని కొని పందెములో దింపరాదా యని మీరడుగవచ్చును. ఆ కాలమున దింపరాదు. పందెమునకై ప్రత్యేకముగా నిర్మించిన యంత్రములే యుండవలెనని యచ్చటి నియమము. అంగడి బండ్లనుండి పుట్టిన యంత్రములకు సూపర్‌బైకు పందెములు వేఱుగా గలవు. కావున వాకిటి తాళపుచెవి నిర్మాత చేతిలోనే యుండెను.

ఇక కథకు వత్తము. బాబ్ మెక్లీన్ అను అమెరికా దేశస్థుడును, పూర్వము పత్రికా రచయితయైన పీటర్ క్లిఫర్డును కలిసి డబ్ల్యూ. సి. ఎం. అను జట్టును నడిపిరి. యంత్రములు యమహావారివి, ధనము రెడ్ బుల్ అను పానీయపు కంపెనీది. ఈ జట్టు సామాన్యమైనది గాదు. 1998లో ఇంగ్లండునందలి డోనింగ్టనులో సైమన్ క్రాఫర్ గెలిచెను. 1999లో స్పెయినునందలి వలెన్సియాలో రెజిస్ లకోనీ గెలిచెను. 2000లో గ్యారీ మెకాయ్ మూడు పందెములను గెలిచి, సంవత్సరాంతమున అయిదవ స్థానమును పొందెను.

2002లో నియమములు మాఱినవి. పాత 500 ఘన సెంటీమీటర్ల టూ-స్ట్రోకు ఇంజనుల ప్రక్కన 990 ఘన సెంటీమీటర్ల ఫోర్-స్ట్రోకులకు ననుమతి కలిగెను. ఆ యేటి 16 పందెములను ఫోర్-స్ట్రోకులే గెలిచినవి. యమహావారి సొంత జట్టునకు క్రొత్త యంత్రము వచ్చెను, డబ్ల్యూ. సి. ఎం. వారికి పాతదే మిగిలెను. ఆ యేడు ముగియుసరికి యమహా యంత్రములును లేవు, రెడ్ బుల్ ధనమును లేదు. మెకాయ్ కవాసాకి జట్టునకును, తోటి రౌతు జాన్ హాప్కిన్స్ సుజుకీ జట్టునకును పోయిరి. యంత్రము లేనివానికి ధనమిచ్చువాడు దొరకడు. ధనము లేనివానికి యంత్రమిచ్చువాడు దొరకడు. ఈ రెండు తలుపులును ఒక్కసారిగా మూతపడెను.

ఐనను వారు చేతులు ముడుచుకొనలేదు. ఇంగ్లండులోని హారిస్ సంస్థవారి చట్రమును దెచ్చి, యమహా ఆర్-1 అను అంగడి బండి ఇంజను నాధారము చేసికొని, 2003లో సొంత యంత్రమును సిద్ధపఱచిరి. పరీక్షాధికారులు దానిని త్రోసిపుచ్చిరి. ఇంజనులోని ముఖ్యభాగములు అంగడి బండివేయని వారి యాక్షేపణ. పై విచారణలకు బోయినను తీర్పు మాఱలేదు. తరువాత ఆ భాగములను వేఱుగా చేయించి పందెములో ప్రవేశించిరి గాని, అప్పటికి కాలమును ధనమును కరగిపోయెను. 2005లో బ్లాటా అను చెక్ దేశపు కంపెనీ ఆఱు సిలిండర్ల ఇంజను నిచ్చెదమని ముందుకు వచ్చెను. ఆ ఇంజను పందెపు బాట నెక్కనే లేదు. పాత యంత్రముతోనే యేడు గడచెను. 2006 పందెములలో ఆ జట్టు కానరాదు.

నా శిష్యులలో చేనేతవారి పిల్లలనేకులుండిరి. షావుకారు నూలాపిన వారముననే వారి యింట మగ్గము నిలిచిపోవుట నేను జూచితిని. నేతగానికి పనితనము తగ్గలేదు, మగ్గము విఱుగలేదు. నూలు మాత్రము లేదు. డోనింగ్టనులో గెలిచిన జట్టునకు పట్టిన దశయు నిట్టిదే. గెలుపు కీర్తి నిచ్చును గాని ఆధారము నీయజాలదు.

కథ యింతటితో ముగియలేదు. 2009 జనవరిలో కవాసాకివారు ఈ పందెములనుండి తొలగుచున్నామని ప్రకటించిరి. 2011లో ఏడాది పొడవున పాల్గొన్న యంత్రములు 17 మాత్రమే. అప్పుడు నిర్వాహకులు మేల్కొని, అంగడి బండి ఇంజనును పందెపు చట్రములో నమర్చిన యంత్రములను 2012లో ననుమతించిరి. 2003లో దోషమైనది తొమ్మిదేండ్లకు మార్గమాయెను. డబ్ల్యూ. సి. ఎం. వారికి మాత్రము దానివలన లాభము లేకపోయెను. 2022 చివర సుజుకీవారును వెడలిపోయిరి. పెద్ద చేయి యెప్పుడైనను వెనుకకు పోవచ్చునని దీనివలన దెలియుచున్నది.

పెద్దలారా! మన యూళ్లలో మిల్లు గాని, సహకార సంఘము గాని, నూనె గానుగ గాని ఒక్క కంపెనీ యిచ్చు సరకుపై నడువబూనినప్పుడు మూడు ప్రశ్నలడుగుడు. ఒప్పందము ఎన్ని యేండ్లకు వ్రాయబడినది? వారు మానుకొన్న నాడు అదే సరకు మఱియెచ్చట దొరకును? అది దొరకులోపల జీతములిచ్చుటకు చేతిలో నెన్ని నెలల రొక్కమున్నది? అరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలనిరి. అరువు తేకుండ నేటి వ్యాపారము సాగదు. కాని తెచ్చిననాడే యీ మూడింటికి జవాబు వ్రాసి పెట్టుకొన్న సంఘము, ఇచ్చినవారు చేయి వెనుదీసినప్పుడు కొంతకాలమైన నిలువగలదు.